ఇంగ్లండ్ పల్లెలో పూర్వీకుల్ని వెతికేవాళ్లకు

ఒకే పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతంలో) ఒకే పేరుతో నలుగురు తగిలితే మనవాళ్లెవరో తేల్చడానికి జనన సర్టిఫికెట్లు కొంటూ పోకండి. జనన మరణాల నమోదు చూసే ప్రభుత్వ కార్యాలయం, జనరల్ రిజిస్టర్ ఆఫీస్ సైట్‌లో ఉచితంగా ఖాతా తెరవండి. 1837 నుంచి ఉన్న జనన సూచికలో ఇంటిపేరుతో పాటు తల్లి పుట్టింటిపేరు కూడా ఇచ్చి, పుట్టి ఉంటారనుకున్న ఏడాదికి రెండేళ్లు అటూ ఇటూ పెట్టి వెతకండి. మగపిల్లలకోసారి, ఆడపిల్లలకోసారి వెతకాలి. రిజిస్ట్రేషన్ జిల్లా పేరు వేరుగా ఉండొచ్చు: సఫోక్‌లోని లావెన్‌హామ్ పిల్లలు కాస్‌ఫర్డ్ కింద కనిపిస్తారు. తర్వాత ఆ పేర్లను చర్చి బాప్తిస్మ రిజిస్టర్‌తో పోల్చండి. 1813 నుంచి అందులో తండ్రి వృత్తి, నివాసం కూడా రాసేవాళ్లు కాబట్టి చిక్కు చాలావరకు అక్కడే విడిపోతుంది, నాకైతే ఇదే అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం.

పెళ్లికాని తల్లి బిడ్డయితే పుట్టింటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, అప్పుడు తల్లి ఇంటిపేరుతోనే వెతకాలి. 1875కు ముందు నమోదే కాని జననాలూ ఉన్నాయి.