ఈద్ కార్డు రంగులకి ఒక్క పలక చాలు

నేను చేసిన మొదటి ఈద్ కార్డు నిండా ఆకుపచ్చ, దాని మీద మెరుపులు తిప్పిన బంగారు రంగు, మూలన నెలవంక. చూసిన స్నేహితురాలు "సబ్బు పెట్టెలా ఉందే" అంది. నిజమే. ఆ తర్వాత రంగులు ఊహించి పెట్టడం మానేసి, ఏదో ఒక పాత వస్తువు నుంచే తీసుకుంటున్నాను.

కొత్తవాళ్లకి టర్కీ ఇజ్నిక్ పలకలు (ఇజ్నిక్ ఊళ్లో చేసిన, గోడలకి అతికించే రంగుల టైల్స్) మంచివి. ఇస్తాంబుల్‌లో 1557లో పూర్తయిన సులేమానియే మసీదులో ఈ పలకలున్న గోడ ఫొటో తీసుకుని, ఒక్క పలక వరకే క్రాప్ చేయండి. దాని మీద అడ్డం పది, నిలువు పది గళ్లు గీసి, ఏ గడిలో ఏ రంగు ఎక్కువుందో లెక్కపెట్టండి. విసుగు పనే, పావుగంట పడుతుంది. నా లెక్కలో తెలుపు సగానికి పైగా వచ్చింది. ముదురు నీలం పాతిక, టర్కాయిస్ (ఆకుపచ్చ కలిసిన లేత నీలం) పది చిల్లర, ఎరుపు ఆరో ఏడో. కంటికి ముందు తగిలేది మాత్రం ఆ ఎరుపే! ఇనుము ఎక్కువున్న మట్టిని మందంగా పూసేవాళ్లు కాబట్టి, పైన గ్లేజు (గాజులాంటి పూత) ఉన్నా అది ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

కార్డులోనూ అదే పాళ్లు పాటించండి. తెల్ల నేల, నీలం అక్షరాలు (ఆర్‌జీబీ, అంటే స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు: 28, 57, 135), అంచుకి టర్కాయిస్ (50, 165, 170). ఎరుపు (190, 58, 40) ఒక పువ్వు మధ్యలో చాలు. "ముబారక్" మొత్తం ఎర్రగా రాయాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి. ప్రింటుకిస్తే ఈ నీలం ఊదాలోకి తిరుగుతుంది. మెజెంటా (ప్రింటు ఇంకుల్లో ముదురు గులాబీ రంగుది) కాస్త తగ్గించి ముందు ఒక షీటు తీయించండి.

బంగారు రంగు కావాలంటే మెరుపులు వద్దు. ముదురు నీలి పార్చ్‌మెంట్ (రాతకి తయారుచేసిన తోలు) మీద బంగారు అక్షరాలతో రాసిన పాత చేతిరాత ప్రతి, నీలి ఖురాన్ పుటలు చూడండి. స్క్రీన్ మీద బంగారం (200, 160, 75) ఉత్త ఆవపిండి రంగే, పక్కన చీకటి ఉంటేనే వెలుగుతుంది. తెలుపు మీద దాని కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగు మధ్య తేడా చెప్పే నిష్పత్తి) 2.4, ముదురు నీలం (18, 34, 74) మీద 6.3. చిన్న అక్షరాలు చదవాలంటే కనీసం 4.5 ఉండాలి.

మొహర్రంకి ఇవేవీ పనికిరావు. షియా ముస్లింలకి అవి సంతాప దినాలు, అక్కడ నలుపుదే పెద్దపీట. ఒక ఏడాది తొందరలో ఈద్ కార్డుకే తేదీ మార్చి, "శుభాకాంక్షలు" తీయకుండా పంపబోయాను. సబ్బు పెట్టె అన్న స్నేహితురాలే చూసి ఆపింది.