దమ్ముకు ముందే ట్రాక్టర్ పొగ చూసుకోండి

దమ్ములు, అంటే నాట్లకు ముందు మడిని నీళ్లతో బురదగా దున్నడం, మొదలయ్యాక మెకానిక్ ఒక పట్టాన దొరకడు. దొరికినా మోకాలి లోతు బురదలో ఇంజిన్ విప్పడం అయ్యే పని కాదు. నారు పోసిన రోజుల్లోనే ఒక పూట కేటాయించి సైలెన్సర్ పొగ గమనించండి.

స్టార్ట్ చేయగానే వచ్చే పొగను బట్టి ఏదీ తేల్చేయకండి. చల్లటి ఇంజిన్ కాసేపు తెల్లగా వదలడం మామూలే. బాగా వేడెక్కాక, రొటావేటర్ దించి మెట్ట చేలో రెండు సాళ్లు తోలి అప్పుడు చూడండి. తలుపులు మూసిన షెడ్డులో మాత్రం ఇంజిన్ నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది.

లోడు మీద ఆగకుండా నల్ల పొగ వస్తుంటే ముందు ఎయిర్ క్లీనర్ విప్పండి. వేసవి దుక్కుల దుమ్మంతా అక్కడే ఉంటుంది. గాలిలోని దుమ్మును ఆయిల్‌తో పట్టే ఆయిల్ బాత్ రకమైతే అడుగు గిన్నెలో ఆయిల్ చిక్కటి మడ్డిలా పేరుకుంటుంది. అది పారబోసి, గిన్నె డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిల్ గుర్తు వరకే పోయండి. ఎక్కువైతే ఇంజిన్ దాన్నే పీల్చుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు టెస్ట్ చేయించండి. నాజిల్ చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టొద్దు, చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. లాగుడు కోసం పంపులో డీజిల్ పెంచమని అడిగేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, డీజిల్ వృథా, ఇంజిన్‌కు వేడి.

వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తూ, పచ్చి డీజిల్ వాసనతో కళ్లు మండుతుంటే నాజిల్, టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) చూపించండి. డీజిల్‌లో నీళ్లు చేరినా ఇలాగే అవుతుంది. డబ్బాల్లో నిల్వ ఉంచిన డీజిల్ వాడేవారు ఫిల్టర్ అడుగున డ్రెయిన్ వదిలి చూడాలి. వీటన్నిటికంటే భయపడాల్సింది ఒకటుంది: బయట ఎక్కడా కారకుండానే రేడియేటర్‌లో నీళ్లు రోజూ తగ్గడం, గేజ్ కడ్డీకి ఆయిల్ పాలు కలిపిన టీలా అంటడం. అంటే హెడ్ గ్యాస్‌కెట్టో (ఇంజిన్ హెడ్ కింద ఉండే పొర) లైనర్ (పిస్టన్ కదిలే గొట్టం) సీళ్లో పోయి నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయి. ఇక ఒక్క ఎకరం కూడా తోలొద్దు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు.

నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. ఆయిల్ గుర్తు దాటి పోశారేమో ముందు చూడండి. కాకపోతే పిస్టన్ రింగులో వాల్వ్ గైడ్లో (వాల్వ్ కదిలే గొట్టాలు) అరిగినట్టు. పొగ పలచగా ఉంటే రోజూ పొద్దున్నే ఆయిల్ చూసుకుంటూ సీజన్ గట్టెక్కవచ్చు. ఇంజిన్ లోపలి గాలి బయటికి వదిలే బ్రీదర్ నుంచి కూడా గుప్పుగుప్పుమంటుంటే మాత్రం ఇప్పుడే విప్పించండి. రింగులు మార్చేటప్పుడు లైనర్ అరుగుదల కొలిపించండి. అరిగిన లైనర్‌లో కొత్త రింగులు వేస్తే నీలి పొగ మళ్లీ మొదలవుతుంది.