బ్రిటన్ రైలు టికెట్లు – స్వయంబోధిని: మూడవ పాఠం – అడ్వాన్స్ టికెట్టుకు ఉన్న కట్టుబాట్లు

రెండవ పాఠంలో, ముందుగా ఎంచుకున్న ఒక్క రైలుకే చెల్లే అడ్వాన్స్ టికెట్టు అన్నిటికంటే చవక అని, తేదీ ఖాయమైన వెంటనే కొనుక్కోవచ్చునని రాశాను. ఆ మాట తప్పు కాదు గాని, దాని వెనుక చెప్పవలసిన సగం నేను చెప్పలేదు. ఆ పాఠం చదివిన పెరంబూరు దంపతులు, మాంచెస్టరులో చదువుకుంటున్న కుమార్తెను చూడడానికి వెళ్తూ, విమానం హీత్రోలో దిగే రోజునే, దిగిన రెండున్నర గంటలకు లండన్ యూస్టన్ స్టేషనులో బయలుదేరే రైలుకు అడ్వాన్స్ టికెట్లు కొన్నారు. విమానం గంటకు పైగా ఆలస్యమైంది, ఆ పైన ఇమిగ్రేషన్ వరుస, సామాన్ల కోసం నిరీక్షణ. వారు యూస్టన్ చేరేసరికి రైలు వెళ్లిపోయి నలభై నిమిషాలైంది. చేతిలోని టికెట్లు ఆ తరువాతి రైలుకు చెల్లవని తెలిసి, ఇద్దరికీ అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొనుక్కున్నారు. విల్లివాక్కం నుంచి మరొకరు, కార్డిఫ్ వెళ్లే రైలును మధ్య స్టేషనులో ఎక్కి ఇబ్బంది పడ్డామని రాశారు. మాంబళంలోని ఒక తల్లిగారు, ఎడింబరో టికెట్టుతో దారిలో యార్కులో దిగి చెల్లెలి ఇంట్లో ఒక పూట ఉండి మళ్లీ బయలుదేరవచ్చునా అని అడిగారు. ఈ మూడు ఉత్తరాలకు మూలం ఒక్కటే. అందువల్ల ఈసారి రాయదలచిన రైల్‌కార్డుల (టికెట్టు ధరలో తగ్గింపు ఇచ్చే కార్డుల) పాఠాన్ని వాయిదా వేసి, అడ్వాన్స్ టికెట్టు షరతులనే పూర్తిగా చెబుతున్నాను.

నేను చెన్నైలో రిజర్వేషన్ కౌంటరులో ఎన్నో ఏళ్లు పనిచేసినవాణ్ణి. మన అలవాట్లు ఎంత లోతుగా పాతుకుని ఉంటాయో నాకు తెలుసు. మన దేశంలో ఛార్జీకి పునాది కిలోమీటరు. సెంట్రల్ నుంచి విజయవాడ దాకా డబ్బు కట్టినవారు ఒంగోలులోనే దిగిపోతే రైల్వేకు అభ్యంతరం లేదు, ఎందుకంటే కట్టిన దూరం కన్నా తక్కువే ప్రయాణించారు. 500 కిలోమీటర్లు దాటిన టికెట్టుతో నియమం ప్రకారం దారిలో ఒకసారి ఆగడానికి కూడా వీలుంది. విశాఖ టికెట్టుతో రాజమండ్రిలో దిగి, రెండు రోజులలోపు మళ్లీ బయలుదేరిన పెద్దలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. ఈ లెక్కనే మనసులో పెట్టుకుని బ్రిటన్ వెళ్తే చిక్కులు తప్పవు. అక్కడ అడ్వాన్స్ టికెట్టు ధరను నిర్ణయించేది దూరం కాదు, ఆ రోజు ఆ గంటకు ఆ రైలుకున్న గిరాకీ. ఖాళీగా వెళ్లే రైళ్లలో కొన్ని సీట్లను తక్కువ ధరకు పెడతారు, అవి అయిపోగానే పై మెట్టు ధర మొదలవుతుంది. దూరపు స్టేషనుకు టికెట్టు, దారిలోని దగ్గరి స్టేషను టికెట్టు కన్నా చవకగా దొరికే సందర్భాలు కూడా ఉన్నాయి. అంటే అడ్వాన్స్ టికెట్టు కొన్నప్పుడు మనం ఒక నిర్దిష్టమైన రైలులో, ఒక నిర్దిష్టమైన స్టేషను నుంచి మరొక స్టేషను వరకు కూర్చునే హక్కును మాత్రమే కొంటున్నాం.

మిగిలిన రకాల గురించి ఇక్కడ రెండు మాటలు చాలు. ఎనీటైమ్ టికెట్టు ఏ రైలుకైనా చెల్లుతుంది, ధర ఎక్కువ. ఆఫ్-పీక్ టికెట్టు రద్దీ వేళలు తప్ప మిగిలిన రైళ్లన్నిటికీ చెల్లుతుంది. సూపర్ ఆఫ్-పీక్ మరింత చవక, వేళలు మరింత కఠినం. అడ్వాన్స్ టికెట్లు ఒక వైపు ప్రయాణానికే ఉంటాయి. రాకపోకలకు రెండు విడివిడిగా కొనాలి. ఇవి సాధారణంగా ప్రయాణానికి 12 వారాల ముందు నుంచి దొరుకుతాయి, ఎందుకంటే పట్టాల మరమ్మతులను లెక్కలోకి తీసుకుని కాలపట్టికను అప్పటికి ఖరారు చేస్తారు. మన దగ్గర 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ గడువు 60 రోజులకు తగ్గింది కనుక, ఆ తేడాను గుర్తుపెట్టుకోండి.

ఇక నన్ను అన్నిటికంటే బాధపెట్టే చిక్కు, మధ్యలో దిగడం, మధ్యలో ఎక్కడం. దీనిని ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ తప్పు చేసేవారందరూ నిజాయితీపరులే; ఎవరినీ మోసగించాలనే ఉద్దేశం లేకుండానే వారు దోషులుగా నిలబడవలసి వస్తుంది. విల్లివాక్కం పాఠకుల సంగతే చూడండి. వారి దగ్గర లండన్ ప్యాడింగ్టన్ నుంచి కార్డిఫ్‌కు అడ్వాన్స్ టికెట్టు ఉంది. ఆ రైలు రీడింగ్‌లో ఆగుతుంది. హీత్రో నుంచి రీడింగ్‌కు నేరుగా బస్సు ఉంది కనుక, లండన్ నగరంలోకి వెళ్లి రావడం ఎందుకని, బస్సులో రీడింగ్ చేరి, తమ రైలునే, తమ సీటులోనే ఎక్కారు. ప్రయాణించింది తక్కువ దూరమే అయినా, వారి టికెట్టు ప్యాడింగ్టన్‌లో ఎక్కవలసినది కనుక నియమం ప్రకారం అది చెల్లదు. రీడింగ్ నుంచి కార్డిఫ్‌కు ఆ సమయంలో ప్రయాణించడానికి వీలిచ్చే అతి తక్కువ ధర టికెట్టుకూ తాము చెల్లించిన మొత్తానికీ ఉన్న తేడా కట్టవలసి వచ్చింది.

యార్కు ప్రశ్నకు జవాబు కూడా ఇదే. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషను నుంచి ఎడింబరోకు అడ్వాన్స్ టికెట్టు ఉన్నవారు యార్కులో దిగి బయటికి వెళ్లకూడదు, తరువాతి రైలు ఎక్కకూడదు. యార్కులో ఆగాలని ఉంటే, కింగ్స్ క్రాస్–యార్కు ఒక టికెట్టు, యార్కు–ఎడింబరో ఒక టికెట్టు అని రెండు కొనాలి. మాంచెస్టరు వెళ్లేవారిలో చాలామంది బంధువులు స్టాక్‌పోర్టులో ఉంటారు. యూస్టన్ నుంచి వచ్చే రైళ్లలో చాలా వరకు మాంచెస్టరు పికడిల్లీకి ముందు స్టాక్‌పోర్టులో ఆగుతాయి. పికడిల్లీ టికెట్టు చవకగా ఉంది కదా అని అది కొని స్టాక్‌పోర్టులో దిగడం కూడా కూడదు. ముందుగా వచ్చిన ఖాళీ రైలు ఎక్కడం కూడా అంతే. పదిన్నర రైలుకు టికెట్టు ఉండి, పది గంటల రైలులో సీట్లన్నీ ఖాళీగా కనిపించినా, అందులో అది చెల్లదు. కొత్త టికెట్టు ధర అడుగుతారు. మన దగ్గర టి.టి.ఇ.ని కలిసి మర్యాదగా మాట్లాడి సర్దుబాటు చేసుకునే అలవాటుంది. అక్కడి సిబ్బంది మర్యాదగానే మాట్లాడతారు గాని, ఆ మర్యాద నియమాన్ని మార్చదు. మీ ప్రయాణ పథకంలో రైలు మారమని ఉన్న స్టేషనులో దిగి మారడం మాత్రం ఈ నిషేధంలోకి రాదు. దీనికి భిన్నంగా, ఆఫ్-పీక్, ఎనీటైమ్ టికెట్లతో, షరతుల్లో వేరుగా చెప్పకపోతే, దారిలో దిగి మళ్లీ ఎక్కవచ్చు. కనుక దారిలో బంధువులను చూడాలనుకునేవారికి నా సలహా ఎప్పుడూ ఆఫ్-పీకే.

అడ్వాన్స్ టికెట్టును వాపసు ఇస్తే డబ్బు రాదు. మార్చుకోవచ్చు, అది కూడా మీ రైలు బయలుదేరక ముందే. మార్పు రుసుము ఒక్కొక్క టికెట్టుకు 10 పౌండ్ల వరకు ఉంటుంది, ఆ పైన ధరల తేడా. ఉదాహరణకు 30 పౌండ్లకు కొన్న టికెట్టును 45 పౌండ్ల రైలుకు మార్చుకుంటే, 15 తేడా, 10 రుసుము, మొత్తం 25 అదనం. భార్యాభర్తలు ఇద్దరైతే 50. ఈ లెక్క ముందే వేసుకుంటే, చవక అనుకున్నది ఎప్పుడు ఖరీదవుతుందో కనిపిస్తుంది. ఆఫ్-పీక్, ఎనీటైమ్ టికెట్లను 5 పౌండ్లకు మించని రుసుముతో రద్దు చేసుకోవచ్చు. ఆ పనిని ప్రయాణానికి ముందు రోజే పూర్తిచేయండి.

రైలు వారే ఆలస్యం చేస్తే పరిస్థితి పూర్తిగా వేరు. మీ రైలు రద్దయినా, ఆలస్యమై మీరు ప్రయాణం మానుకున్నా, అడ్వాన్స్ టికెట్టుకు కూడా పూర్తి డబ్బు, రుసుము లేకుండా తిరిగి వస్తుంది. అక్కడ రైళ్లను వేర్వేరు కంపెనీలు నడుపుతాయి; మొదటి రైలు ఆలస్యమవడం వల్ల రెండవ రైలు తప్పిపోతే, ఆ రెండవ రైలు కంపెనీ వారి తరువాతి రైలులో వెళ్లనిస్తారు. గమ్యం ఆలస్యంగా చేరితే డిలే రిపే అనే పరిహారం ఉంది. చాలా కంపెనీలు 15 నిమిషాల నుంచి, కొన్ని 30 నిమిషాల నుంచి ఇస్తాయి, 28 రోజులలోపు అడగాలి. కాని ఈ రక్షణ అంతా రైలు ప్రయాణానికే. విమానం రైలు ప్రయాణంలో భాగం కాదు, అందుకే పెరంబూరు దంపతులకు ఈ నియమాల్లో ఏదీ అక్కరకు రాలేదు. దిగే రోజుకు అడ్వాన్స్ టికెట్టు కొనవద్దని రెండవ పాఠంలోనే నేను రాసి ఉండవలసింది.

దిగే రోజుకు ఏం చేయాలి? నేను చేసేది చెబుతాను. ఆ రోజుకు ముందుగా ఏమీ కొనను. సామాన్లు చేతికి వచ్చిన తరువాత ఫోనులో ఆఫ్-పీక్ టికెట్టు కొంటాను. ఇది విన్న ప్రతివారూ అప్పటికి టికెట్లు అయిపోవా అని అడుగుతారు. ఆఫ్-పీక్ టికెట్లకు సంఖ్యా పరిమితి లేదు, వెయిటింగ్ లిస్టు లేదు, ప్రయాణం దగ్గరపడిందని ధర పెరగదు; మూడు నెలల ముందు కొన్నా, ఆ ఉదయం కొన్నా ఒకటే. సీటు దొరకకపోతే నిలబడవలసి రావచ్చు, అంతే. కావాలంటే ఆ టికెట్టు మీద సీటు రిజర్వు చేసుకోవచ్చు. రిజర్వు చేసిన రైలు తప్పినా టికెట్టు మాత్రం తరువాతి రైలుకు చెల్లుతుంది. రిజర్వేషన్ కాగితాన్నే టికెట్టుగా భావించే మన అలవాటు ఇక్కడ కూడా అడ్డుపడుతుంది. కొన్ని మార్గాల్లో ఆఫ్-పీక్ రిటర్నుకు, సింగిలుకు ధరలో తేడా చాలా స్వల్పం, తిరుగు ప్రయాణానికి నెల గడువు కూడా ఉంటుంది. అక్కడ నేను రిటర్ను తీసుకుంటాను.

ఒక మినహాయింపు ఉంది. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి న్యూకాసిల్, ఎడింబరో మార్గాల్లో ఎల్.ఎన్.ఇ.ఆర్. సంస్థ 2024లో ఆఫ్-పీక్ టికెట్లను తీసివేసి, 70 నిమిషాల ఫ్లెక్స్ అనే కొత్త రకం తెచ్చింది. ఎంచుకున్న రైలుకు 70 నిమిషాల ముందు, 70 నిమిషాల తరువాత ఉన్న ఆ సంస్థ రైళ్లలో అది చెల్లుతుంది. విమానం రెండు గంటలు ఆలస్యమైతే అది కూడా ఆదుకోదు.

ఆఫ్-పీక్ వేళలు ఎక్కడ తెలుస్తాయి? టికెట్టు మీద రెండక్షరాల రెస్ట్రిక్షన్ కోడ్ ఉంటుంది. నేషనల్ రైల్ వెబ్‌సైటులో ఆ కోడ్ వెతికితే ఏ రోజు, ఏ స్టేషను నుంచి, ఏ గంటల మధ్య బయలుదేరకూడదో ఉంటుంది. పనిదినాల ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతం వరకు, లండన్ నుంచి బయలుదేరే కొన్ని మార్గాల్లో సాయంత్రం కూడా, నిషేధం సాధారణం. శని, ఆదివారాల్లో చాలా వరకు ఉండదు. ఊహించవద్దు, కోడ్ చదవండి. అదే కాగితం మీద రూట్ అనే మాట కింద ఏముందో కూడా చూడండి. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు యూస్టన్ నుంచి రెండు కంపెనీలు, మెరిల్‌బోన్ నుంచి ఒకటి రైళ్లు నడుపుతాయి; ఒక కంపెనీ పేరు పక్కన 'ఓన్లీ' అని ఉంటే మిగిలిన వాటిలో ఆ టికెట్టు చెల్లదు. 'ఎనీ పర్మిటెడ్' అని ఉంటే అనుమతించిన మార్గాలన్నిటిలో చెల్లుతుంది.

అభ్యాసం ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టవచ్చు. ఇద్దరు పెద్దలు ఒక సోమవారం ఉదయం ఏడు గంటలకు హీత్రోలో దిగుతారు. ఆ రోజే మాంచెస్టరు చేరాలి. గురువారం అక్కడి నుంచి బర్మింగ్‌హామ్ వెళ్తూ దారిలో స్టోక్-ఆన్-ట్రెంట్‌లో మూడు గంటలు ఆగాలి. మరుసటి సోమవారం బర్మింగ్‌హామ్ నుంచి లండన్ తిరిగి రావాలి. నేషనల్ రైల్ సైటులో నిజమైన తేదీలు పెట్టి, డబ్బు కట్టకుండా, ప్రతి ప్రయాణానికి అడ్వాన్స్, ఆఫ్-పీక్ ధరలు రెండూ రాయండి. ప్రతి ఆఫ్-పీక్ టికెట్టు కోడ్ వెతికి, నిషేధ వేళలను మీ చేత్తో తెలుగులో రాసుకోండి. సోమవారం విమానం మూడు గంటలు ఆలస్యమైతే ఎంత పోతుందో, గురువారం ప్రయాణం శుక్రవారానికి మారితే మార్పు రుసుముతో సహా ఎంత అదనమో, ఇద్దరికీ కలిపి లెక్కకట్టండి. ఆ తరువాత ఏ ప్రయాణానికి ఏ టికెట్టో నిర్ణయించి, కారణం ఒక్క వాక్యంలో రాయండి. గంటలన్నీ బ్రిటన్ సమయంలోనే వేయండి. చెన్నై గడియారం అక్కడి వేసవిలో నాలుగున్నర గంటలు, శీతాకాలంలో ఐదున్నర గంటలు ముందుంటుంది. లెక్క పూర్తిచేసినవారు ఆ కాగితాన్ని దాచుకోండి. నాలుగవ పాఠంలో సీనియర్ రైల్‌కార్డు, టూ టుగెదర్ రైల్‌కార్డులను ఇవే అంకెల మీద వేసి చూస్తాం.