క్యాష్‌తో కారు కొంటున్నారా? డీలర్ దగ్గరికి వెళ్లే ముందు

అమెరికాలో లోన్ లేకుండా మొత్తం డబ్బు కట్టి కారు కొనేవాళ్లను కూడా కొందరు డీలర్లు సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఎస్ఎస్ఎన్) అడిగి, చెప్పకుండానే క్రెడిట్ చెక్ (మన అప్పుల చరిత్ర చూడటం) చేసేస్తారు. నాకూ జరిగింది, ఇంటికొచ్చాక అలర్ట్ చూస్తే గానీ తెలియలేదు.

- వెళ్లే ముందు రోజే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ (అప్పుల చరిత్ర రిపోర్టులు ఉంచే సంస్థలు) క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి, అంటే కొత్త అప్పు పేరుతో ఎవరూ మీ రిపోర్టు చూడకుండా ఆపేయండి. 2018 నుంచి ఇది ఉచితం. అన్నిటికన్నా గట్టి తాళం ఇదే.

- టెస్ట్ డ్రైవ్‌కి లైసెన్స్ చాలు. ఎస్ఎస్ఎన్ గడి ఖాళీగా వదిలేయండి.

- సంతకం పెట్టే కాగితం ఏదైనా, ట్యాబ్ మీదైనా సరే, పైన "క్రెడిట్ అప్లికేషన్" అని ఉందేమో చూడండి. ఉంటే పెట్టొద్దు, ఎందుకంటే ఆ సంతకమే వాళ్లకు అనుమతి.

- "ఎస్ఎస్ఎన్ ఇవ్వడం గవర్నమెంట్ రూల్ సార్" అంటారు. సగం నిజం: 10,000 డాలర్లు దాటి నోట్ల రూపంలో ఇస్తే డీలర్ ఫారం 8300 (పన్ను శాఖకు పంపే నగదు రిపోర్టు) నింపాలి, దానికి నంబర్ కావాలి. కానీ ఆ ఫారానికీ క్రెడిట్ రిపోర్టుకూ సంబంధం లేదు! పర్సనల్ చెక్కు, వైర్ ట్రాన్స్‌ఫర్ అయితే ఆ ఫారమే అక్కర్లేదు.

- "నా క్రెడిట్ చూడొద్దు" అని ముందే ఈమెయిల్ పెట్టండి. అయినా చూస్తే ఆ హార్డ్ ఎంక్వైరీ (అప్పు కోసం చూసినట్టు పడే నమోదు) రిపోర్టులో 2 ఏళ్లు ఉంటుంది, అప్పుడు ఆ మెయిల్ జతచేసి బ్యూరోకి డిస్ప్యూట్ వేయొచ్చు, సీఎఫ్‌పీబీకి (ఆర్థిక సేవల్లో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదూ చేయొచ్చు.