గ్యారట్ ఇంజిన్ నంబరు కనపడకపోతే ముందు చక్రాలు లెక్కపెట్టండి

మా బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లలో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసిన తాతయ్యో పెదనాన్నో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఆయన ట్రంకు పెట్టెలో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో, అందులో పది మంది మనుషులు, వాళ్ల వెనక రెండు ఇంజిన్లు అతికించినంత పొడుగు ఇంజిన్ ఒకటి. అది బెంగాల్ నాగపూర్ రైల్వే గ్యారట్. మధ్యలో బాయిలర్, దానికి ముందొకటి వెనకొకటి విడివిడి చక్రాల బళ్లు, మలుపు వస్తే దేనికది తిరుగుతుంది. నౌపడ–గుణుపూర్ చిన్న లైను ఇంజిన్లు ఇవి కావు, ఆ రెండూ కలిపేసే వాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు.

అందరూ ముందు నంబరు కోసమే వెతుకుతారు. అది తర్వాత చూద్దాం, ముందు ఒక పక్క నుంచి చక్రాలు లెక్కపెట్టండి. రెండు చిన్నవి, నాలుగు పెద్దవి, బాయిలర్ కింద ఖాళీ, మళ్లీ నాలుగు పెద్దవి, రెండు చిన్నవి ఉంటే ఎన్ లేదా ఎన్ఎమ్ క్లాసు. ఎన్ క్లాసు పదహారు, వాటి నంబర్లు 810 నుంచి 825 దాకా. ఎన్ఎమ్ పది, 826 నుంచి 835. ఈ రెండింటినీ చక్రాలతో విడదీయలేం. పెద్ద చక్రాలకూ బాయిలర్‌కీ మధ్య రెండు వైపులా ఒక్కో చిన్న చక్రం అదనంగా కనిపిస్తే మాత్రం పి క్లాసు, 1939లో వచ్చినవి, నాలుగే నాలుగు: 855 నుంచి 858. చివర్లలో ఒక్కో చిన్న చక్రమే ఉంటే 1925 నాటి హెచ్ఎస్‌జి, అవి రెండే.

ఇప్పుడు నంబరు. క్యాబ్ (డ్రైవరు నిలబడే గది) పక్కన, నీళ్ల ట్యాంకు మీద, రెండు చివర్ల బఫర్ బీమ్ (బఫర్లు బిగించే అడ్డ దూలం) మీద చూడండి, ఒకచోట చెరిగినా ఇంకోచోట దొరకొచ్చు. 811 ఉండాల్సిన చోట 38811 అని కనిపిస్తే కంగారు పడకండి, అదే ఇంజిన్, స్వాతంత్ర్యం తర్వాత దేశమంతటికీ కలిపి నంబర్లు ఇచ్చినప్పుడు ముందు 38 చేరింది, అంటే ఫొటో ఆ తర్వాతిదన్నమాట. బేయర్ పీకాక్ అని, మాంచెస్టర్ అని రాసున్న ప్లేటు మీది నాలుగంకెలు మాత్రం ఇంజిన్ నంబరు కాదు, ఫ్యాక్టరీ వాళ్ల వరుస నంబరు. నేను మొదట్లో దాన్నే పట్టుకుని రెండు వారాలు తిరిగాను.

అమెరికా ఫొటోలు చూసేవాళ్లకి వేరే తికమక. బిగ్ బాయ్‌లు, అంటే అక్కడి యూనియన్ పసిఫిక్ రైల్వే భారీ ఆవిరి ఇంజిన్లు, 4000 నుంచి 4024 వరకు, మొత్తం ఇరవై అయిదు, కానీ ముందు పక్క బోర్డు మీద ఎక్స్ 4014 అని ఉంటే ఆ ఎక్స్ నంబరులో భాగం కాదు, టైంటేబుల్లో లేని స్పెషల్ బండి అని గుర్తు.

మా ఇంట్లో ఫొటోలో 8 ఉంది, 5 ఉంది, మధ్య అంకె మీద పెదనాన్న భుజం. 815, 825, 835, 855 ఏదైనా కావచ్చు. బాయిలర్ పక్కన అదనపు చిన్న చక్రం లేదు కాబట్టి 855 పోయింది. ఫొటోని స్కాన్ చేసి ఫోన్‌లో బాగా పెద్దది చేస్తే భుజం పైన చిన్న వంపు తేలింది. ఒకటికి వంపుండదు కదా, 815 కూడా పోయింది (ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉన్నది అదే, అదైతే బాగుండేది). మిగిలినవి రెండు. పెదనాన్న చంక కింద నుంచి అంకె అడుగు భాగం కాస్త కనిపిస్తోంది, అక్కడ తిన్నగా అడ్డగీత ఉంది, మూడుకైతే గుండ్రంగా ఉండాలి. 825. ఫొటో వెనక పెన్సిల్‌తో రాసేశాను.