గోర్లిట్స్ లాంటి చిన్న జర్మన్ ఊళ్లో కాపురం పెట్టడం ఎలా?

బెర్లిన్‌లోనూ మ్యూనిక్‌లోనూ ఇల్లు దొరక్క నెలల తరబడి తిరిగే మనవాళ్లు గోర్లిట్స్ వైపు చూడటం మంచిదే. పోలండ్ సరిహద్దులో, నైసె నది ఒడ్డున ఉన్న ఈ ఊరి జనాభా సుమారు 56 వేలు. 1990 తర్వాత ఉద్యోగాల కోసం వేలమంది పశ్చిమ జర్మనీకి వెళ్లిపోయారు, బోలెడు ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఇక్కడ అద్దెలు తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం అదే. నేను ఇక్కడ మూడు ఇళ్లు మారాను, కొత్తగా వచ్చినవాళ్లను ఎంతోమందిని ఆఫీసులకు వెంటబెట్టుకుని వెళ్లాను. అందరూ ఒకే చోట తప్పు చేస్తున్నారు. కింద మూడో పని దాని గురించే.

1. ముందు వచ్చి చూడండి

నవంబరులోనే రావాలి. వేసవిలో ఏ ఊరైనా బాగుంటుంది. నవంబరులో నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది, ఆదివారం దుకాణాలు మూసేస్తారు. రెండు వారాలు ఉండి తట్టుకోగలిగితేనే ముందుకు వెళ్లండి.

2. ఇల్లు

ప్రకటనల్లో ముందు కనిపించేది కాల్ట్‌మీటె, అంటే ఇంటి అద్దె మాత్రమే. నీళ్లు, హీటింగ్, చెత్త ఖర్చులు కలిపితే వార్మ్‌మీటె. కరెంటు సాధారణంగా దీనికీ బయటే. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. చాలా ఇళ్లలో వంటగది బోసిగా ఉంటుంది, సింకు కూడా ఉండదు. కాబట్టి ‘ఐన్‌బౌక్యూషె’, అంటే బిగించి ఉన్న వంటగది, అని రాసి ఉన్న ఇల్లే తీసుకోండి. అది కూడా మధ్య అంతస్తులోనే. కింద ఇంట్లో నేల చలి, పైన వేసవి వేడి.

3. నమోదు, పోస్టు డబ్బా మీద పేరు

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి కార్యాలయంలో ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేసుకోవాలి. అద్దె ఒప్పందం పట్టుకెళితే చాలదు. మీరు ఫలానా తేదీన ఆ ఇంట్లో దిగారని ఇంటి యజమాని సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం కావాలి. తాళాలు తీసుకునేటప్పుడే అడిగి తీసుకోండి. తర్వాత పంపిస్తానంటే ఒప్పుకోవద్దు.

కొందరు బెర్లిన్‌లో ఉన్న స్నేహితుడి అడ్రసు మీద నమోదై ఇక్కడ కాపురం ఉంటారు. నివాసం లేని చోట నమోదు కావడం చట్టరీత్యా తప్పు. పైగా మీ వీసా పొడిగింపు చూసేది మీరు ఉండే జిల్లా విదేశీయుల కార్యాలయం. అక్కడ లెక్క తేడా వస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

నమోదు అయిపోగానే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అసలు జాగ్రత్త మొదలయ్యేది అప్పుడే. పన్ను నంబరు, బ్యాంకు కార్డు, దాని పిన్, ఆరోగ్య బీమా కార్డు మామూలుగా పోస్టులోనే వస్తాయి. పోస్టుమ్యాన్ చూసేది డబ్బా మీది పేరు. అది లేకపోతే కవరు వెనక్కి పోతుంది. మన ఊళ్లలోలాగా పక్కింటివాళ్లను అడిగి ఇచ్చి వెళతాడనుకోవద్దు.

మన పేర్లతో ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మనం ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి, పిలిచే పేరు పూర్తిగా రాసుకుంటాం. జర్మన్లకు ఇంటిపేరే ప్రధానం, కవర్ల మీద అదే ఉంటుంది. డబ్బా మీద ‘సి. లక్ష్మి’ అని రాసి, ఉత్తరం ‘చింతలపూడి’ పేరుతో వస్తే అది మీదని ఎవరికి తెలుస్తుంది? పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. నమోదు కాగితం మీద ఇంటిపేరుగా ఏది అచ్చయిందో, అదే స్పెల్లింగుతో డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద పెట్టండి. చోటు చాలకపోతే పిలిచే పేరు తీసేయండి, ఇంటిపేరును ముట్టుకోవద్దు. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరైతే రెండూ ఉండాలి. వేరేవాళ్ల ఇంట్లో ఒక గదిలో ఉంటున్నా మీ పేరు విడిగా ఉండాల్సిందే.

నా మొదటి ఇంట్లో నేమ్‌ప్లేటు వేయిస్తామన్నారు, నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. పన్ను నంబరు ఉత్తరం వెనక్కి పోయింది. ఆ 11 అంకెలు లేక మొదటి జీతంలో అత్యధిక తరగతి కింద పన్ను కోశారు. డబ్బు తర్వాత తిరిగొచ్చింది కానీ ఆ నెల అద్దెకు అప్పు చేయాల్సి వచ్చింది. అప్పటినుంచి దిగిన రోజే కాగితం మీద పేరు రాసి టేపుతో అంటిస్తున్నాను. నేమ్‌ప్లేటు ఎప్పుడొస్తే అప్పుడు రానివ్వండి.

4. మిగతావి

రేడియో, టీవీ చందా ఇంటికి నెలకు 18.36 యూరోలు. టీవీ లేకపోయినా కట్టాలి. రాత్రి పది దాటాక మిక్సీ వేయకండి. ఆదివారం గోడకు మేకు కొట్టకండి, గాజు సీసాలు చెత్త డబ్బాలో వేయకండి. వంట చేశాక కిటికీలు బార్లా తెరిచి పది నిమిషాలు ఉంచండి, లేకపోతే గోడలకు బూజు పడుతుంది.

నది మీది పాత నగరపు వంతెన 1945లో పేల్చేశారు, 2004లో మళ్లీ కట్టారు. అది దాటితే పోలండ్‌లోని జ్గోజెలెట్స్. సరుకులకు నడిచి వెళ్లి రావచ్చు, కానీ తనిఖీలు జరుగుతున్నాయి. పాస్‌పోర్టు, నివాస కార్డు రెండూ జేబులో ఉండాలి.

ఇదే ఊళ్లో ఇల్లు మారినా మళ్లీ రెండు వారాల్లోపు నమోదు చేసుకోవాలి. పాత అడ్రసుకు వచ్చే ఉత్తరాలు కొత్త ఇంటికి మళ్లించమని పోస్టాఫీసుకు ముందే చెప్పి, సామాన్లు దించేలోపే కొత్త డబ్బా మీద పేరు అంటించండి.