బాన్‌షీ పాఠాలు – 6: జెట్ల జోలికి వెళ్లేముందు గాలి పరీక్ష

యమహా బాన్‌షీ (రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్ ఉన్న నాలుగు చక్రాల బండి) పాఠాల్లో ఈసారి క్లచ్ ప్లేట్ల గురించి చెబుతానన్నాను. చెప్పడం లేదు. అయిదో పాఠం చదివి జెట్లు (కార్బొరేటర్లో పెట్రోలు కొలిచి వదిలే బెజ్జాలు) మార్చినవాళ్లలో ముగ్గురు ఇబ్బందుల్లో పడ్డారు, ఒకరికైతే పిస్టన్ పట్టేసింది. మెయిన్ జెట్ ఎలా ఎంచుకోవాలో, ప్లగ్గు రంగు ఎలా చదవాలో అప్పుడు చెప్పాను. వాటికంటే ముందు చేసుకోవాల్సిన పని ఒకటుంది, గాలి పరీక్ష. అంటే ఇంజన్ ఎక్కడైనా బయటి గాలి పీలుస్తోందేమో చూడడం. పాత బండి కొన్నవాళ్లు అది చేసే ఉంటారులే అనుకుని వదిలేశాను. అలా వదలడం నా తప్పు. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క పనికే.

ముందు ఆ ముగ్గురి సంగతి. ఫీనిక్స్‌లో ఉన్న తమ్ముడిది 2002 మోడల్. కంపెనీ ఇచ్చిన 200 జెట్ తీసి 240 పెట్టాడు (అంకె పెరిగితే బెజ్జం పెద్దది), తర్వాత 260, ఆ తర్వాత 280. కుడి ప్లగ్గు కాఫీ రంగుకి, అంటే ఉండాల్సిన రంగుకి వచ్చింది గానీ ఎడమది సున్నం కొట్టినట్టు తెల్లగానే ఉంది, అంటే పెట్రోలు చాలడం లేదు. శాన్ డియాగో నుంచి రాసినాయన బండి యాక్సిలరేటర్ వదిలాక వెంటనే దిగదు, నాలుగైదు సెకన్లు పైనే ఊగి అప్పుడు ఐడిల్‌కి వస్తోంది. మూడో ఆయన చేసిన పని నాకు చాలా బాధ కలిగించింది. ప్లగ్గు తెల్లగా ఉందని, ఇంజన్‌కి మంచిదని, పెట్రోల్లో టూ టీ ఆయిల్ పెంచాడు. 32కి 1 కలిపేవాడు 20కి 1 చేశాడు. వారం తిరక్కుండా పిస్టన్ పట్టేసింది.

ఈ ఆయిల్ విషయం తేల్చుకోకుండా ముందుకెళ్లను. ఎన్నేళ్లుగా చెప్పినా మళ్లీ మళ్లీ ఇదే జరుగుతోంది, ప్రతిసారీ ఒక మంచి సిలిండర్ పోతోంది.

రిచ్, లీన్ అనే మాటలు గాలికీ పెట్రోలుకీ మధ్య లెక్క. పెట్రోలు ఎక్కువైతే రిచ్, తక్కువైతే లీన్. ఆయిల్ ఆ లెక్కలోది కాదు. ఆయిల్ ఎక్కువ కలిపితే ఇంజన్ రిచ్ అవదు, లీన్ వైపు జరుగుతుంది. జెట్ అంటే ఒక కొలత ఉన్న బెజ్జం. దాన్ని సాంబారు గరిటె అనుకోండి. గరిటె మారలేదు, గిన్నెలో ముక్కలు పెరిగాయి. అప్పుడు ప్రతి గరిటెలోనూ ముక్కలు ఎక్కువ, పులుసు తక్కువ పడుతుంది. ఇక్కడ ముక్కలు ఆయిల్, పులుసు పెట్రోలు.

అంకెల్లో చూద్దాం. ఒక గ్యాలన్ పెట్రోలు 3,785 మి.లీ. 32కి 1 అంటే అందులో 118 మి.లీ. ఆయిల్. 20కి 1 అంటే 189 మి.లీ. మొదటి మిశ్రమంలో పెట్రోలు వాటా నూటికి 97, రెండో దాంట్లో 95 పైచిలుకు. అంటే అదే జెట్ గుండా వెళ్లే పెట్రోలు సుమారు 1.8 శాతం తగ్గింది. ఆయిల్ పెరిగితే మిశ్రమం చిక్కబడి జెట్‌లో కాస్త నెమ్మదిగా పారుతుంది, ఆ కోత వేరే. ఇది చిన్న తేడానే, దీనివల్ల మాత్రమే పిస్టన్ పట్టేయలేదు. కానీ అప్పటికే లీన్‌గా వేడెక్కుతున్న ఇంజన్‌ని ఆయన రిచ్ చేశాననుకుని ఇంకాస్త లీన్ చేశాడు. పైగా రోగం కుదిరిందన్న ధైర్యంతో వారం రోజులు ఫుల్ థ్రాటిల్ తొక్కాడు. అసలు నష్టం అక్కడ జరిగింది.

ఆయిల్ ఎక్కువ పోయడం తప్పని నేను అనడం లేదు. ఇసుక తిన్నెల మీద గంటల తరబడి లాగేవాళ్లు 24కి 1 కలిపినా నాకు అభ్యంతరం లేదు, బేరింగులకి మంచిదే. నేను మాత్రం 32 దాటి అటూ ఇటూ పోను. ఒక కలుపు పట్టుకుని దానికే జెట్లు కుదుర్చుకోవాలి. కలుపు మార్చారా, ప్లగ్గు మళ్లీ మొదటి నుంచి చదవాలి. మా నాన్నగారి చేతక్‌కి లీటరుకి 20 మి.లీ. పోయించుకునేవాళ్లం. ఆ లెక్క గుర్తుండి ఇక్కడ 50కి 1 కలిపినవాళ్లూ ఉన్నారు. చేతక్ వేగం వేరు, ఈ ఇంజన్ తిరిగే వేగం వేరు. ఇంకో సంగతి, ఆర్‌ఎక్స్ 100 నడిపి వచ్చినవాళ్లకి కలపడమే అలవాటుండదు, అందులో పంపే ఆయిల్ పోసేది. బాన్‌షీకి ఆ పంపు లేదు. ట్యాంకులో మీరు కలిపిందే దానికి దిక్కు.

ఇక మొదటి ఇద్దరి సంగతి. ఇద్దరి బండ్లదీ ఒకటే జబ్బు. ఇంజన్ ఎక్కడో గాలి పీలుస్తోంది.

టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింద ఉన్న క్రాంక్ గది ఒక పంపు. పిస్టన్ పైకి లేస్తే అందులో గాలి లాగుడు, కిందికి దిగితే ఒత్తిడి. క్రాంక్ రెండు కొసల్లోనూ ఒక్కో రబ్బరు ఆయిల్ సీల్ ఆ పంపుని మూసి ఉంచుతుంది. బాన్‌షీలో ఎడమ కొస మాగ్నెట్ వైపు, పొడిగా ఉంటుంది. ఆ సీల్ ఎండి పగిలితే బయటి గాలి నేరుగా ఎడమ సిలిండర్‌కి వెళ్తుంది. కార్బొరేటర్‌కి తెలియని గాలి అది, దానికి సరిపడా పెట్రోలు రాదు. అందుకే ఎడమ ప్లగ్గు ఒక్కటే తెల్లబడుతుంది. కుడి కొస క్లచ్ వైపు, గేర్ ఆయిల్‌లో తడుస్తూ ఉంటుంది. ఆ సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగేసుకుంటుంది. కుడి ప్లగ్గు తడి నలుపు, సైలెన్సర్ నుంచి ఆగని పొగ, గేర్ ఆయిల్ మాత్రం ఎటుపోతోందో తెలియకుండా తగ్గుతూ ఉంటుంది. రాజ్‌దూత్ ఆర్‌డీ 350 విప్పినవాళ్లకి ఇదంతా తెలిసిన కథే. 64 మి.మీ. బోరు, 54 మి.మీ. స్ట్రోకు, 347 సీసీ, రెండింటికీ అవే కొలతలు. అది గాలికి చల్లబడేది, ఇది నీళ్లకి.

మరి జెట్ పెంచితే ఎందుకు కుదరదు? మెయిన్ జెట్ పని థ్రాటిల్ ముప్పావు వంతు తెరిచాకే. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు నడిపించేది పైలట్ జెట్. చిల్లు మాత్రం ఎప్పుడూ అంతే సైజు. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు లోపలికి వచ్చే అంత గాలిలో చిల్లు గాలి లెక్కలోకి రాదు. మూసినప్పుడు వచ్చే కొద్దిపాటి గాలిలో అదే పెద్ద వాటా అవుతుంది.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. నా మొదటి బాన్‌షీ 1999 మోడల్, ఎవరో వాడినది. కాలిఫోర్నియా ఇసుక తిన్నెల్లో, గ్లామిస్‌లో ఓల్డ్స్‌మొబైల్ హిల్ ఎక్కేటప్పుడు బ్రహ్మాండంగా లాగింది. అప్పటికి జెట్ 280కి తీసుకెళ్లి ఉన్నాను, ప్లగ్గు రంగు కూడా నచ్చింది. కొండ అవతల థ్రాటిల్ వదిలి గేర్‌లోనే దిగాను. ఇంజన్ వేగంగా తిరుగుతోంది, పెట్రోలు దాదాపు లేదు, పెట్రోలుతోపాటు రావాల్సిన ఆయిల్ కూడా లేదు, ఎడమ సీల్ నుంచి గాలి మాత్రం వస్తోంది. సగం దిగేసరికి వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. క్లచ్ పట్టుకోగలిగాను కాబట్టి పల్టీ కొట్టలేదు. అప్పటి నుంచి ఎవరి బండైనా సరే, గాలి పరీక్ష అయ్యేదాకా దాని జెట్ ముట్టుకోను.

ఇప్పుడు పరీక్ష. కార్బొరేటర్లు, పైపులు ఊడదీయడం మీకు తెలిసిందే. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ప్లగ్గులు బిగించే ఉంచండి. రెండు ఎగ్జాస్ట్ దారులూ, ఒక ఇన్‌టేక్ బూటూ (కార్బొరేటర్ కూర్చునే రబ్బరు గొట్టం) మూసేయండి. ప్లంబర్లు వాడే, రెక్క తిప్పితే ఉబ్బే రబ్బరు బిరడాలు దీనికి బాగా పనికొస్తాయి. రెండో ఇన్‌టేక్ బూటులో పెట్టే బిరడాకి పాత ట్యూబు వాల్వ్ బిగించండి. రెండు బూట్లనీ కలిపే అడ్డ గొట్టం ఉంటే గాలి రెండు రీడ్ల (గాలిని లోపలికి మాత్రమే వదిలే పలుచని రేకులు) గుండానూ రెండు గదుల్లోకీ పోతుంది. ఎవరైనా ఆ గొట్టం తీసి మూసేసి ఉంటే ఒక్కో వైపు విడిగా పరీక్షించాలి.

గాలి కొట్టడానికి కంప్రెసర్ పెట్టకండి. ఒత్తిడి కాస్త ఎక్కువైనా మంచి సీలు కూడా తన్నుకుని బయటికొస్తుంది. కావలసింది 6 పీఎస్ఐ. నేను వాడేది పాత బీపీ మిషన్. పట్టీ తీసేసి బుడ్డి, మీటరు రెండూ వాల్వ్‌కి తగిలిస్తాను. మీటరు మీద 300 అంటే 5.8 పీఎస్ఐ, సరిగ్గా సరిపోతుంది.  బజారులో దొరికే పరీక్ష కిట్ కంటే నాకు ఇదే ఇష్టం, మీటరు ముల్లు కొంచెం కదిలినా కనబడుతుంది.

300కి కొట్టి ఆరు నిమిషాలు చూడండి. నిమిషానికి 1 పీఎస్ఐ వరకు పడినా పరవాలేదనే మెకానిక్కులు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆరు నిమిషాల తర్వాత 285 కంటే కిందికి దిగితే నా లెక్కలో ఆ ఇంజన్ కారుతున్నట్టే. ముందు మీ బిరడాలే కారడం లేదని సబ్బు నీళ్లతో చూసుకోండి. ఆ తర్వాత బూట్ల అంచులు, అడ్డ గొట్టం, సిలిండర్ కింది గాస్కెట్. బుడగలు రేడియేటర్లో వస్తే హెడ్ దగ్గర లోపం. గేర్ ఆయిల్ పోసే బెజ్జం మూత తీసి అక్కడ రబ్బరు చేతి తొడుగు వేలు ఒకటి కత్తిరించి కట్టండి, గేర్‌బాక్స్ గాలి గొట్టం నొక్కిపట్టండి. తొడుగు ఉబ్బితే కుడి సీల్ పోయినట్టు. ఎడమది చూడాలంటే మాగ్నెట్ తీయాలి. దానికి పుల్లరే వాడండి, సుత్తితో కొట్టకండి.

క్రాంక్ రెండు వైపులా 180 డిగ్రీల తేడాతో ఉంటుంది. ఒక పిస్టన్ కిందుంటే రెండోది పైనుంటుంది. పైనున్న పిస్టన్ పోర్టుల్ని మూసేస్తుంది కాబట్టి ఆ సిలిండర్ పైభాగం పరీక్షకి అందదు. అందుకే ఎడమ పిస్టన్ కిందున్నప్పుడు ఒకసారి, కుడిది కిందున్నప్పుడు ఒకసారి కొట్టాలి.

బూట్ల మీద కార్బ్ క్లీనర్ చల్లి ఐడిల్ మారుతుందేమో చూడమని చాలామంది చెబుతారు. నేను ఆ పని చేయను, మీకూ చెప్పను. పక్కనే కాలే పైపులుంటాయి. పైగా మాగ్నెట్ వెనకున్న సీల్ దాకా ఆ స్ప్రే వెళ్లదు.

అభ్యాసం: రెండు పిస్టన్ స్థానాల్లో, మూడు వేర్వేరు రోజుల్లో పరీక్ష చేయండి. ఒక్కో పరీక్షకి ఆరు అంకెలు, నిమిషానికి ఒకటి చొప్పున. అలా ఆరు పరీక్షలు, మొత్తం 36 అంకెలు కాగితం మీద రాయండి. మూడు రోజులూ ఒకేలా రాకపోతే మీ బిరడాలు సరిగ్గా లేవు, మళ్లీ చేయండి. పరీక్ష నెగ్గిందా, పైపులు, ఎయిర్ బాక్స్ కంపెనీవే అయితే ఇంతకుముందు పెంచిన జెట్లన్నీ తీసి 200కి వచ్చి, అయిదో పాఠం మొదటి పేరా నుంచి మొదలుపెట్టండి.